ఒళ్లో బిడ్డకు నక్షత్రాల్లేవు

మా మరిది కొత్త బండి చూడ్డానికి షోరూముకు వెళ్తూ నన్నూ రమ్మన్నాడు. వెళ్ళగానే డ్రైవరు వైపు తలుపు తీసి గట్టిగా వేశాడు. "విన్నారా వదినా ఆ శబ్దం? రేకంటే ఇదీ!" అన్నాడు. బానెట్ మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచాడు. పక్కనున్న చిన్న కారు మీదా చరిచి తేడా చూడమన్నాడు. అరగంటలో అతనూ షోరూమువాళ్ళూ ఎత్తు, బరువు, గ్రౌండ్ క్లియరెన్స్, సన్‌రూఫ్, భద్రతా పరీక్షల నక్షత్రాలు అన్నీ మాట్లాడుకున్నారు. అతని తొమ్మిది నెలల పాప ఆ బండిలో ఎక్కడ కూర్చుంటుందన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. వాళ్ళమ్మ ఒళ్లో కూర్చుంటుంది, ఇంకెక్కడ? అది అడగాల్సిన ప్రశ్నని కూడా ఎవరికీ తోచలేదు.

"పిల్లలున్న ఇల్లు, కాస్త పెద్ద బండి తీసుకోండి, సేఫ్‌గా ఉంటుంది." ఈ సలహా ఇవ్వని బంధువు లేడు. 2023-24లో మన దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో సగానికి పైగా ఎస్‌యూవీలు, క్రాసోవర్‌ల వంటి యుటిలిటీ వాహనాలే. నెలవాయిదా పెంచుకుని మరీ ఆ ఎత్తు కొంటున్నవాళ్ళు మన ఇళ్ళలోనే ఉన్నారు. పిల్లల మీద ప్రేమతో కొంటున్నారు. అందుకే నాకింత బాధ. ఎత్తుకూ, రేకు మందానికీ, పిల్లల ప్రాణానికీ మనం వేసుకున్న ముడి తప్పు. ఒక బండి ఎంత భద్రమో తేలేది అందులో అందరికంటే బలహీనమైన మనిషి ఎక్కడ, ఎలా కూర్చున్నదన్న దాన్ని బట్టే.

ముందు రేకు సంగతి. బయటికి కనిపించే రేకు తొడుగు లాంటిది. ప్రాణం కాపాడేది దాని లోపలున్న ఉక్కు చట్రం. మనుషులు కూర్చునే గది నలగకూడదు, దాని ముందు భాగం నలగాలి. నలిగేకొద్దీ బండి ఆగడానికి పట్టే సమయం రవ్వంత పెరుగుతుంది. పక్కటెముకల మీదా మెడ మీదా పడే దెబ్బను తగ్గించేది ఆ రవ్వంతే. మెర్సిడెస్ ఇంజనీరు బేలా బరెనీ ఈ ఆలోచనకు 1950ల మొదట్లోనే పేటెంట్ తీసుకున్నాడు. డెబ్బై ఏళ్ళు దాటినా మనం మాత్రం ప్రమాదం ఫొటో చూసి "ముందంతా పిండైపోయింది, డబ్బా బండి" అని వాట్సాప్‌లో పంపుతున్నాం. లోపలివాళ్ళు నడిచి బయటికి వచ్చారంటే ముందు భాగం అలా పిండి కావడం వల్ల కూడా.

అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే రహదారి భద్రతా సంస్థ 2009లో ఒక పరీక్ష చేసింది. 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌నూ, 2009 షెవర్లే మాలిబునూ ఎదురెదురుగా గుద్దించింది. పాతది చూడ్డానికి ఇనుప కొండ. దాని లోపలి గది కూలిపోయింది. డ్రైవరు బొమ్మ స్థానంలో మనిషుంటే దక్కేవాడు కాదు. మాలిబులో ఉన్నవాడు కాలి గాయంతో బయటపడేవాడు. "మా అంబాసిడర్ రోజుల్లో" అని మొదలుపెట్టే పెద్దలందరినీ కూర్చోబెట్టి ఆ వీడియో చూపించాలని ఉంటుంది నాకు.

అంత దూరం ఎందుకు, మన బండ్లే చూద్దాం. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2016లో మహీంద్రా స్కార్పియోలో ఎయిర్‌బ్యాగ్‌లు లేని రకాన్ని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. పెద్దల భద్రతకు సున్నా నక్షత్రాలు వచ్చాయి. కొత్తగా రూపకల్పన చేసిన స్కార్పియో-ఎన్‌కు 2022లో ఐదు వచ్చాయి. 2024లో మారుతీ డిజైర్ అనే చిన్న సెడాన్‌కూ ఐదు వచ్చాయి. ఎత్తూ బరువూ కాపాడేవే అయితే మొదటిదానికి సున్నా ఎందుకొచ్చింది? మూడోదానికి ఐదు ఎలా వచ్చాయి?

పైగా మనం ఎస్‌యూవీ అనుకుని కొంటున్నవాటిలో చాలా బండ్ల అడుగున ఉన్నది చిన్న కారే. మారుతీ ఫ్రాంక్స్ అడుగున బలేనో ఉంది, టాటా పంచ్ అడుగున ఆల్ట్రోజ్ ఉంది. అందులో మోసమేమీ లేదు. అయితే ఎత్తు పెరిగేకొద్దీ బండి బరువంతా పైకి జరుగుతుంది, పల్టీ కొట్టే ప్రమాదమూ పెరుగుతుంది. 2000లో ఫైర్‌స్టోన్ కంపెనీ అమెరికాలో 65 లక్షల టైర్లను వెనక్కి తీసుకుంది. అవి ఎక్కువగా ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే ఎత్తైన బండ్లకు వేసినవి. పరుగులో టైరు పైపొర ఊడి, బండి పల్టీలు కొట్టి, 200 మందికి పైగా చనిపోయారు. అందుకే ఎత్తు బండి కొనేవాళ్ళు ముందడగాల్సింది ఈఎస్‌సీ ఉందా లేదా అని. బండి జారబోతుంటే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి దారిలో నిలబెట్టే ఏర్పాటు అది.

బరువుకు అసలు విలువే లేదా అంటే, ఉంది. రెండు కార్లు గుద్దుకుంటే బరువైనదాంట్లో ఉన్నవాళ్ళకు దెబ్బ తక్కువ. కాదనను. కానీ చీకట్లో వెనక లైట్లు లేకుండా ఆగిన లోడు లారీ ముందు మన రెండు టన్నులు ఏ మూలకు? ఇక మన బండికి ఎదురుపడేది ఎవరు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్ళు, 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. బెల్ ఎయిర్ పరీక్ష చేసిన ఆ సంస్థే 2023లో ఇంకో సంగతి బయటపెట్టింది. బానెట్ ముందు అంచు నేల నుంచి సుమారు మీటరు దాటిన బండ్లు పాదచారులను గుద్దితే, ముప్పావు మీటరు లోపు ఎత్తుతో వాలుగా ఉన్న కార్లతో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. మన బిడ్డ కోసం కొన్న ఎత్తు రోడ్డు దాటుతున్న ఇంకో బిడ్డ తల దగ్గరికి వస్తోంది. భద్రత అనే మాటలో ఆ బిడ్డకు కూడా చోటుండాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక నక్షత్రాలు. మన సొంత పరీక్షా విధానం భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. నేను దాన్ని మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ మొదటిసారి మన చిన్న కార్లను పరీక్షిస్తే వరసగా సున్నాలు వచ్చాయి. పదేళ్ళలో పరిస్థితి ఇంత మారిందంటే ఆ పరీక్షల పుణ్యమే. కానీ ఆ నక్షత్రాలు ఎవరికి ఇచ్చారో చూడండి. ముందు సీట్ల బొమ్మలకు బెల్టులు పెడతారు. పిల్లల మార్కుల కోసం వెనక సీట్లో ఏడాదిన్నర బిడ్డంత బొమ్మనూ, మూడేళ్ళ బిడ్డంత బొమ్మనూ చైల్డ్ సీట్లలో కట్టి కూర్చోబెడతారు. ఆ పరీక్షలో అమ్మ ఒడి లేదు. ముందు సీట్లో అమ్మ ఒళ్లో ఉన్న పాపకు ఆ ఐదు నక్షత్రాల్లో ఒక్కటీ చెందదు.

గంటకు 50 కిలోమీటర్లంటే మనకు నింపాదిగా పోతున్నట్టే. ఆ వేగంతో వెళ్ళి దేన్నైనా గుద్దుకుంటే, బెల్టు లేని మనిషికి అది మూడంతస్తుల మేడ మీంచి పడినట్టు. గుద్దిన క్షణంలో శరీరం తూకం ఇరవై ముప్పై రెట్లవుతుంది. పది కిలోల బిడ్డ మూడు వందల కిలోలవుతుంది. ఏ తల్లి చేతులు పట్టి ఆపగలవు? ప్రేమ తక్కువై కాదు, చేతులకు అంత బలం లేక బిడ్డ జారిపోతుంది. తల్లికీ డ్యాష్‌బోర్డుకూ నడుమ నలిగేది బిడ్డే. దానికి తోడు, కనురెప్ప వేసే లోపు విచ్చుకునే ఎయిర్‌బ్యాగ్ పెద్దవాళ్ళ ఛాతీకి సరిపోయేలా చేసింది, పసిదాని తలకు కాదు.

2022 సెప్టెంబరు 4న టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ ప్రయాణిస్తున్న మెర్సిడెస్ జీఎల్‌సీ మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన దగ్గర గోడను గుద్దుకుంది. ఖరీదైన క్రాసోవర్, యూరప్ పరీక్షల్లో ఐదు నక్షత్రాల బండి. ముందు కూర్చున్న ఇద్దరూ తీవ్రంగా గాయపడినా బతికారు. వెనక కూర్చున్న ఇద్దరూ చనిపోయారు. వెనకవాళ్ళు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. నెల రోజులు దేశమంతా వెనక సీటు బెల్టు గురించి మాట్లాడుకుంది, తర్వాత మరిచిపోయింది. ఆ ఒక్క ఏడాదే బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్ళు 16,715 మంది. వాళ్ళలో దాదాపు సగం మంది పక్క సీట్లో, వెనక సీట్లో కూర్చున్నవాళ్ళే.

మన ఇళ్ళలో బెల్టంటే డ్రైవరుకూ, పోలీసు కనబడితే పక్కవాడికీ. వెనక సీటు బెల్టుల బకెల్స్ సీటు కవరు కింద కూరుకుపోయి ఉంటాయి. బీప్ శబ్దం విసిగిస్తుందని బకెల్‌లో గుచ్చే ఉత్తుత్తి క్లిప్పులు కొనుక్కునేవాళ్ళున్నారు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ అంగళ్ళ నుంచి అలాంటి క్లిప్పుల ప్రకటనలను 13,118 తీయించింది. లక్షలు పోసి భద్రత కొని, చవక క్లిప్పుతో దాన్ని పీకేస్తున్నాం. ఇక సన్‌రూఫ్. అవుటర్ రింగు రోడ్డు మీద అందులోంచి సగం బయటికి నిలబడి కేరింతలు కొట్టే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు గుండె ఆగినంత పనవుతుంది. కింద డ్రైవింగ్ సీట్లో ఉన్నది వాళ్ళ నాన్నే. సన్‌రూఫ్ ఉన్న రకానికి అదనంగా కట్టే సొమ్ములో కొంత పెడితే మంచి చైల్డ్ సీటు వస్తుంది. ఆ సీటు అడిగేవాళ్ళు తక్కువ కాబట్టి షోరూముల్లో పెట్టరు, పెట్టరు కాబట్టి అడగరు.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను బెల్టుతోనో చైల్డ్ సీటుతోనో కూర్చోబెట్టమంటోంది. లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా. ఆ జరిమానా కట్టినవాళ్ళు నాకింతవరకు ఎదురుపడలేదు.

నమ్మకమైన బండి అనే మాటనూ మనం తప్పుగానే వాడుతున్నాం. తిరిగి అమ్మితే ఎంత వస్తుందన్నదే మన కొలత. అర్ధరాత్రి వానలో కుటుంబాన్ని ఇంటికి చేర్చేది రీసేల్ ధర కాదు, టైర్లు. టైరు పక్కన అచ్చేసిన నాలుగంకెల్లో మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అరగకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది. ఎంత గాలి కొట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్తంభం మీద రాసి ఉంటుంది, పంపు దగ్గర కుర్రాడి అంచనాకు వదిలేయకూడదు. మే నెల ఎండలో, నిండా మనుషులతో, సరైన గాలి లేని టైర్ల మీద విజయవాడ హైవే ఎక్కిన ఏ బండీ నమ్మకమైనది కాదు. ఇక బండి ముందు బిగించే ఇనుప గార్డును 2017లోనే కేంద్రం వద్దంది. అది దెబ్బను నేరుగా చట్రానికి చేరవేసి, నలగాల్సిన భాగాన్ని సరిగా నలగనివ్వదు. అయినా ఎన్ని బండ్లకు ఉందో చూడండి.

ఆ రోజు షోరూములో ఇదంతా ఒక్కసారే చెప్పలేకపోయాను. కొంత అక్కడ, కొంత దారిలో, మిగతాది అన్నాలు తింటూ చెప్పాను. మా తోడికోడలు మొదట నొచ్చుకుంది. "నా బిడ్డను నేను పట్టుకోలేనా అక్కా?" అంది. పట్టుకోలేవని ఆమె ముఖం మీద అనడం నాకూ కష్టమే అయింది. మరిది బండి మార్చలేదు, సన్‌రూఫ్ లేని రకం తీసుకున్నాడు. ఈఎస్‌సీ ఉందని కాగితం మీద చూసుకున్నాడు. వెనక సీట్లో పాప వెనక్కి తిరిగి కూర్చునేలా చైల్డ్ సీటు బిగించాం.

మొదటి ప్రయాణం ఖమ్మానికి. చౌటుప్పల్ దాకా పాప గుక్కపెట్టి ఏడ్చింది. "తీసి ఒళ్లో ఇవ్వరా, పసిగుడ్డును అలా కట్టేస్తారా" అంది అత్తయ్య. మరిది తియ్యలేదు. బండి పక్కకు ఆపి, దిగి, వెనక తలుపు తీసి, అత్తయ్య భుజం మీంచి బెల్టు లాగి బకెల్‌లో పెట్టి, మళ్ళీ బయల్దేరాడు. నకిరేకల్ దాటేసరికి పాప నిద్రపోయింది.