తల్లుల సొమ్ములో కోసిన రెండు వేలు ఏ గోడకు పోశారు?

బడి పన్ను అనేది మన రాష్ట్రంలో లేదనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఉంది. దానికి పన్ను అని పేరు పెట్టలేదు, అంతే తేడా. 2025 జూన్ 12న రాష్ట్ర ప్రభుత్వం 'తల్లికి వందనం' మొదలుపెట్టింది. బిడ్డకు పదిహేను వేలన్నారు. తల్లి ఖాతాలో పడింది పదమూడు వేలు. మిగతా రెండు వేలు బడుల నిర్వహణకు, మరుగుదొడ్ల శుభ్రతకు అని పైనే ఆపుకున్నారు. పథకం అందిన పిల్లలు 67 లక్షల 27 వేల మంది. తలకు రెండు వేలు చొప్పున వేళ్ళ మీద లెక్కేసినా 1,345 కోట్లు!

ఇది నిన్న పుట్టిన కోత కాదు. 2021 జనవరిలో అమ్మ ఒడి రెండో విడతలో మరుగుదొడ్ల నిధి పేరిట వెయ్యి కోశారు. 2022 జూన్‌కి అది రెండు వేలైంది. 2023లోనూ అంతే. 2024లో ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, కోత మాత్రం చెక్కు చెదరలేదు. అప్పుడు కోసినవాళ్ళే ఇప్పుడు 'అన్యాయం, కోత' అని గొంతు చించుకుంటున్నారు. రాష్ట్రంలో దేని మీదా కుదరని ఏకాభిప్రాయం ఈ రెండు పార్టీలకీ మన ఆడవాళ్ళ కొంగుముడి దగ్గర కుదిరింది.

ముందే ఒక మాట చెప్పాలి. ఈ కోత రద్దు చెయ్యమని మేము అడగడం లేదు. బడిపంతుళ్ళం మేము. వాన పడితే రెండో తరగతినీ నాలుగో తరగతినీ ఒకే గదిలోకి తోసి, కారని మూలన నల్లబల్ల పెట్టుకుని పాఠం చెప్పినవాళ్ళం. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాకా వచ్చింది మేమే. వచ్చింది కూడా సర్కారు బడిలోంచే. గోడ నిలబడాలంటే డబ్బు కావాలి, డబ్బు పన్ను లోంచే రావాలి. ఆ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మా తగాదా వేరు. ఎవరి దగ్గర తీశారు? తీసింది ఏ బడికి చేరింది? ఈ రెండింటికీ జవాబు చెప్పకుండా ఏటేటా అదే కోత కొనసాగిస్తామంటే ఊరుకోం.

ఎవరి దగ్గర తీశారో చూడండి. 2025లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. రెండు వేలంటే ఒక తల్లి ఎండలో ఆరున్నర రోజులు మట్టి మోసిన సొమ్ము. ఇద్దరు బిడ్డలుంటే పదమూడు రోజులు. 'పదిహేను వేలు ఊరికే ఇస్తున్నారు కదా, రెండు వేలు పోతే ఏం పోయింది' అని రచ్చబండ మీద కూర్చుని తీర్పు చెప్పే పెద్దలున్నారు. ఊరికే ఎవరిచ్చారు? ఎవడి తాత ముల్లె అది? సబ్బు కొంటే పన్ను, డీజిలు ఆటో ఎక్కితే పన్ను, మగవాడు సీసా తెచ్చుకుంటే పన్ను. మన దగ్గర తీసినదే మనకు పంచి, మళ్ళీ అందులోంచి తీసి, దాన్ని దయ అంటున్నారు.

ఈ మాట మనం కొత్తగా అంటున్నది కాదు. 1882లో హంటర్ కమిషన్ ముందు మహాత్మా ఫూలే చెప్పిందే ఇది. సర్కారు ఖజానా నిండేది రైతుకూలీల చెమటతో, చదువు మీద ఖర్చయ్యేది పై కులాల పిల్లల కోసం అని ఆయన తేల్చి చెప్పాడు. 1927 మార్చిలో బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ లెక్క తీశాడు. చదువు మీద తలకు 14 అణాలు ఖర్చు పెడుతున్నారు, కల్లు సారాల మీద తలకు రెండు రూపాయల పైన రాబడతున్నారు, కనీసం తాగుడు మీద తీసినంతైనా బడికి పెట్టండి అన్నాడు. వందేళ్ళు కావస్తోంది. ఆయన అడిగిన ఆ కనీసపు లెక్కే ఇప్పుడు మన అసెంబ్లీలో ఎవరైనా అడిగితే వినాలని ఉంది.

అమ్మకం పన్ను పుట్టుక కూడా తెలుసుకోదగ్గదే. మన నక్కపల్లి అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1937లో రాజాజీ సేలం జిల్లాలో మద్యం ఆపించాడు. పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1939లో సరుకుల అమ్మకం మీద పన్ను వేశాడు. మద్యం తర్వాత తిరిగొచ్చింది. అమ్మకం పన్ను పోలేదు! రెండూ మనమే కడుతూ వచ్చాం. 2017 జూలై 1 నుంచి జి.ఎస్.టి. వచ్చి పాత అమ్మకం పన్నును చాలావరకు మింగేసింది. రాష్ట్రం చేతిలో మిగిలిన పెద్ద అమ్మకం పన్నులు మద్యం మీద, పెట్రోలు డీజిలు మీద. పంచాయితీ చేతిలో ఇంటి పన్ను. అందుకే బడి మరమ్మతుకు డబ్బు కావలసినప్పుడు చూపు తల్లి ఖాతా మీద పడింది. అడ్డు చెప్పలేని చెయ్యి అదే కదా.

ఢిల్లీ వాళ్ళ సంగతి మరీ ఘోరం. 2004లో ప్రాథమిక విద్యకని పన్నుల మీద 2 శాతం సెస్సు వేశారు. 2007లో హైస్కూలు, కాలేజీ చదువులకని ఇంకో శాతం కలిపారు. ఆ రోజుల్లో ఎక్సైజు సుంకం మీద, సర్వీసు పన్ను మీద కూడా అది పడేది. అంటే బిస్కెట్టు పొట్లం కొన్న కూలీ, ఫోను రీచార్జి చేసుకున్న పాలేరు అందరూ కట్టారు. ఆ ఒక్క శాతం కింద 2016-17 వరకు వసూలైనది 83,497 కోట్లని, దాన్ని ఉంచడానికి ప్రత్యేక నిధి కూడా ఏర్పాటు కాలేదని కాగ్ తప్పు పట్టింది. నిధికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుందే 2017 ఆగస్టులో. పన్ను పుట్టాక పదేళ్ళకు హుండీ కొన్నారన్నమాట. 2018లో పేరు మార్చి ఆరోగ్య, విద్యా సెస్సు 4 శాతం చేశారు. సెస్సు కింద వచ్చేదాంట్లో రాష్ట్రాలకు వాటా ఇవ్వక్కర్లేదని రాజ్యాంగం 270వ అధికరణంలోనే ఉంది. మనకు చదువు పేరు, వాళ్ళకు పెట్టె.

ఇక తీసింది ఎక్కడికి చేరిందనే ప్రశ్న. 2019 నవంబరు 14న ఒంగోలులో నాడు-నేడు మొదలైంది. మొదటి విడత 15,715 బడులు, 3,669 కోట్లు. పని జరిగింది, కాదనం. నీళ్ళొచ్చే మరుగుదొడ్డి, బల్లలు, ఫ్యాన్లు, ప్రహరీ గోడ మన పిల్లలు మొదటిసారి చూసిన బడులున్నాయి. 2021 ఆగస్టులో రెండో విడత అన్నారు. ఆ విడతలో మొదలైన గదులు రాష్ట్రమంతటా ఎన్నో చోట్ల పునాది దగ్గర, స్లాబు దగ్గర ఆగిపోయాయి. తుప్పు పట్టిన ఇనుప చువ్వల మధ్య మేకలు పడుకుంటున్నాయి. పార్టీ మారితే రంగు వెయ్యడానికి డబ్బు దొరుకుతుంది గానీ స్లాబు వెయ్యడానికి దొరకదేం?

ఆ మరుగుదొడ్లు కడిగేదెవరు? ఆయా. ఎక్కువ చోట్ల మన పేట ఆడకూతురే. నెలకు ఆరు వేలు. తల్లుల నుంచి తీసిన డబ్బుతోనే ఆమెకు జీతమని చెప్పారు. ఆ ఆరు వేలు కూడా నెలల తరబడి ఆగితే బకాయిల కోసం ఆయాలు ధర్నాలకు కూర్చున్నారు. చూడండి తమాషా! కోత పడింది మన తల్లి మీద, చీపురు పెట్టింది మన అక్క చేతిలో, ఎగ్గొట్టింది కూడా మన అక్కకే. కులం ఎక్కడ దాక్కుంటుందో చూడాలంటే మనువు పుస్తకమే తెరవక్కర్లేదు, బడి ఆయా జీతాల పట్టీ చూసినా చాలు.

మన నక్కపల్లి సంగతికి వద్దాం. పాయకరావుపేట నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు. మన ఎమ్మెల్యే వంగలపూడి అనిత 2024లో రాష్ట్ర హోం మంత్రి అయ్యారు. ఒకప్పుడు ఆమె కూడా బడిపంతులమ్మే, గది కారితే ఏమవుతుందో ఆమెకు మేము చెప్పాలా? ఈ మండలంలోనే రెండు వేల ఎకరాల బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖలో ఉండి శంకుస్థాపన చేశాడు. ఉక్కు ఫ్యాక్టరీ మాట కూడా నడుస్తోంది. రాజయ్యపేట మత్స్యకారులు మా సముద్రం, మా బతుకు అని ఆందోళనకు దిగారు. ఫ్యాక్టరీలొస్తే మీ బడులు బంగారమవుతాయని చెప్పేవాళ్ళను ఒక్కటి అడగండి. జి.ఎస్.టి. సరుకు తయారైన చోటికి కాదు, వాడిన చోటికి పోతుంది. ఇక్కడ చేసిన మందు బిళ్ళ మహారాష్ట్రలో అమ్మితే రాష్ట్రవాటా పన్ను మహారాష్ట్రకే. పొగ మనకు, పన్ను వాళ్ళకు. పోనీ ఫ్యాక్టరీ గోడల మీద ఆస్తిపన్నైనా పంచాయితీకి వస్తుందా అంటే, ఏపీఐఐసీ పారిశ్రామికవాడల్లో 'ఐలా' అనే సంస్థ వసూలు చేసుకుని పంచాయితీకి నూటికి 35 ఇస్తుంది. భూమి పోగొట్టుకున్న ఊరికి దక్కేది మూడో వంతు పైచిలుకు. బడి బాగుకు ముందు ఆ 65ను అడగాలి. రోజుకు మూడు వందల ఏడు రూపాయల కూలితల్లిని కాదు.

మా అడగడం ఇదీ. కోత పెట్టేటట్టయితే దాన్ని పన్ను అని ఒప్పుకోండి. పన్నంటే రసీదుండాలి. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, గ్రంథాలయ సుంకం రూపాయికి 8 పైసలని విడిగా రాసి ఉంటుంది. 1960 నాటి చట్టం అది. 8 పైసలకు రసీదు ఉంది, రెండు వేలకు లేదా? ఏ బిడ్డ పేరున తీసిందో ఆ బిడ్డ చదివే బడికే ఆ డబ్బు రావాలి. మా బడి లాంటి చిన్న బడిలో అరవై మంది పిల్లలుంటే లక్షా ఇరవై వేలు. ఆ డబ్బుతో కారే కప్పు బాగవుతుంది, కాలిపోయిన మోటారు వస్తుంది, మరుగుదొడ్డికి గొళ్ళెం పడే తలుపు వస్తుంది. ఆడపిల్ల ఏడో తరగతితో బడి మానకుండా ఉండటానికి ఒక్కోసారి ఆ గొళ్ళెమే చాలు. మరో చిత్రం, ఆ డబ్బుతో సిమెంటు కొంటే దాని మీద కూడా పన్నే. 2025 సెప్టెంబరు 22 దాకా 28 శాతం, ఆ తర్వాత 18 శాతం. సర్కారు బడి గోడకు సర్కారే పన్ను తీసుకుంటుంది! నోటు పుస్తకం, పెన్సిలు మీద అదే రోజున పన్ను ఎత్తేశారు, మంచిదే. బడి సిమెంటుకు ఎందుకు ఎత్తెయ్యరు?

డబ్బు వచ్చాక ఎవరి చేతిలో ఉండాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నూటికి 75 మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు, మన బోటి బలహీన కులాలకు వాటా ప్రకారం చోటు ఉండాలి. కాగితం మీద ఉన్నారు. సంతకం మన ఆడమనిషిది, చెక్కు పుస్తకం ఊరి పెద్ద ఇంట్లో. అలాంటివి మేము చూశాం. ఆ పెద్దాయన పిల్లలు చదివేది టౌనులో కాన్వెంటు. తన బిడ్డ అడుగు పెట్టని బడికి తాను కాంట్రాక్టరు!

మన వాళ్ళలోనూ ఒక మాట వినబడుతోంది. 'ఆ పదమూడు వేలు తీసుకుని గుంటణ్ణి కాన్వెంటులో వేసేస్తే పోయె, పేట బడి ఎవరికి కావాలి' అని. వాళ్ళ కడుపుమంట మాకు తెలుసు. కానీ పేట బడి మూతపడితే కాన్వెంటు ఫీజు రేపు పదమూడు వేలే ఉంటుందా? బ్రిటిష్ వాళ్ళ కాలంలో లేబరు డిపార్టుమెంటు బడులు పెట్టినప్పుడు, మిషను వాళ్ళు పాకల్లో అక్షరాలు దిద్దించినప్పుడు, ఆ పాకలు నిలబెట్టుకోబట్టే ఇవాళ మన చేతిలో కలం ఉంది. ఇప్పుడు స్లాబు ఉన్న బడిని వదులుకుంటామా?

మొన్న ఒక తల్లి మమ్మల్ని బడి గేటు దగ్గర ఆపింది. "మా రెండేలు ఏటి సేసారు పంతులుగారూ?" అంది. మా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ లెక్క బడికి ఎవరూ పంపలేదు. అడగవలసిన చోట అడుగుదాం. వచ్చే గ్రామసభకు తల్లులందరూ బ్యాంకు పాసుపుస్తకాలు పట్టుకు రండి. పదమూడు వేలు పడిన వరస మీద వేలు పెట్టి, మిగతాది ఎక్కడుందో చెప్పమని సర్పంచినీ, కార్యదర్శినీ, వచ్చిన మండల అధికారినీ నిలబెట్టి అడగండి. తెలియదంటే తెలియదనే మాట తీర్మానం పుస్తకంలో రాయించండి. మన పేట బడికి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయాలని తీర్మానం చేయించండి. ఏ బడిలో ఎంతమంది పిల్లలున్నారో, రెండు వేల చొప్పున ఎంత రావాలో మేము ముందే కాగితం మీద వేసి ఇస్తాం. సంతకం రాని తల్లులు వేలిముద్ర వెయ్యండి, అదీ చెల్లుతుంది. జై భీమ్!