మట్టిలో గుచ్చిన మందారం

పిల్లల నవలల ప్రస్తావన వచ్చినప్పుడు తప్పక వినబడే పేరు ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రచించిన 'ద సీక్రెట్ గార్డెన్'. ఆ కథకు ప్రేరణగా ఇంగ్లండులోని కెంట్ ప్రాంతాన, రోల్వెండెన్ గ్రామం దగ్గరున్న మేథమ్ హాల్ అనే భవనాన్నీ, దాని ప్రహరీ తోటనూ చెబుతారు. ఆమె 1898 నుండి 1907 వరకు అక్కడ అద్దెకున్నది. పాడుబడి తీగలల్లుకున్న తోటను బాగుచేయించి, గులాబీలు నాటించి, అక్కడే కూర్చుని రాసుకునేది. తనతో చెలిమి చేసిన రాబిన్ పిట్ట కూడా నవలలోకి ఎగిరివచ్చింది.

అయితే, గమనించవలసిన సంగతి ఒకటున్నది. నవల వెలువడినది 1911లో, ఆమె ఆ ఇల్లు విడిచి అమెరికా చేరిన తరువాత. కథ జరిగేది కెంట్‌లో కాదు, యార్క్‌షైర్‌లో. ఆమె నివసించిన భవనమూ అట్లాగే మిగలలేదు. కొద్దికాలానికే లట్యెన్స్ అనే వాస్తుశిల్పి దానిని పునర్నిర్మించాడు. మన న్యూఢిల్లీ భవనాలకు రూపమిచ్చినవాడే ఆయన. ఇల్లు మారినా తోట పేరు నిలిచింది. నిలబెట్టినది గోడ కాదు, కథ.

ఆ నవలపై నాకొక అభియోగమూ ఉన్నది. కథానాయిక మేరీ భారతదేశంలో పుట్టిన ఆంగ్లబాలిక. కలరాలో తల్లిదండ్రులు పోతారు. మన దేశం ఆ కథలో వేడికీ, రోగానికీ, నిస్సత్తువకూ మారుపేరు. ఇక్కడ మేరీ మట్టికుప్పల్లో మందారపూలు గుచ్చి తోట అనుకుని ఆడుకుంటుంది. పువ్వు గుచ్చితే సాయంత్రానికి వాడిపోతుందనీ, కొమ్మ గుచ్చితే బతుకుతుందనీ ధర్మపురిలో ఏ పిల్లనడిగినా చెబుతుంది! మేరీకి ఆ మాట చెప్పేవారే లేకపోయారు. లోపం నేలదా, నేలతో పొత్తు లేని పెంపకానిదా?

కానీ రచయిత్రిని తప్పుపట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. మన తోటల గురించి మనమేమి రాశాము? ధర్మపురి వంటి గోదావరి తీరపు పాత ఊళ్ళలో భవంతి ఇళ్ళు ఒక్కొక్కటే నేలకొరుగుతున్నాయి. చేదబావి, జామచెట్టు, నందివర్ధనం ఉన్న పెరళ్ళు కాంక్రీటు కిందికి పోతున్నాయి. అన్నీ నిలుపుకోవడం సాధ్యం కాదు, పంపకాలుంటాయి, అవసరాలుంటాయి. అయితే కథలోకెక్కని పెరడు పోతే, ఏమి పోయిందో కూడా తరువాతి తరానికి తెలియదు. అసలు నష్టం అదే.

ఈ ఊరికి ఈ కిటుకు కొత్త కాదు. శేషప్ప కవి నరసింహ శతకంలో ప్రతి పద్యాన్నీ ధర్మపురిలో నెలకొన్న స్వామిని పిలుస్తూనే ముగించాడు. ఈ ఊరు చూడని పిల్లల నోట కూడా ఊరిపేరు నిలవడానికి అది చాలింది.

కనుక మిత్రులారా, మీ అమ్మమ్మగారి పెరడు ఇంకా కళ్ళముందున్నవారు దానిని పిల్లలకోసం రాయండి. స్మృతులుగా నిట్టూర్చవద్దు, కథగా రాయండి. తాళం పడిన తలుపు, దారి చూపే పిట్ట, మాట వినని పిల్ల ఉంటే చాలు. పువ్వును కాక, కొమ్మను గుచ్చుదాం.