ఇంటా బయటా: అవ్వ చేతిలో పిల్లలు

మన సంఘ భవనం కింది భాగంలో నడుస్తున్న బాలవిహారం సంగతి బెంగుళూరు పాఠకులకు తెలిసినదే. పై ఊళ్ల వారి కొరకు ఒక్క మాట చెప్పుతాము. ఉద్యోగాలకు పోయే తల్లులు పొద్దున తొమ్మిదింటికి పిల్లలను వదలి, సాయంత్రం ఆరింటికి వచ్చి తీసుకొనిపోతారు. ఇరవై మంది దాకా పిల్లలు ఉంటారు, ఏడాది నిండని వారు ముగ్గురో నలుగురో. వారిని చూచుకొనేది ఇద్దరు ఆయాలు. పెద్దామెను పిల్లలే కాదు, పిల్లల తల్లులు కూడా అవ్వ అనే పిలుస్తారు. ఆమె వచ్చి ఇరవై రెండేళ్లు అయినది. ఆమె ఎత్తి పెంచిన పిల్లలు కొందరు ఇప్పుడు ఇంజనీర్లు.

2025 కార్తికంలో, బసవనగుడి శెనక్కాయల పరిష వారంలో జరిగిన ముచ్చట ఇది. ఆ వారం మన ఊళ్లో శెనక్కాయ లేని ఇల్లు ఉండదు. బసవన్న గుడి వీధి పొడుగునా రాశులు పోసి అమ్ముతారు. పచ్చివి, వేయించినవి, ఉడికించినవి, చిన్నవాళ్ల జేబుల నిండా అవే. రెండున్నర ఏండ్ల పిల్లవాడొకడు అక్క జేబులోనుంచి నాలుగు గింజలు తీసుకొని, నోట్లో వేసుకొని పరుగెత్తినాడు. పరుగెత్తుతూ నవ్వినాడట. అంతలో నిలబడిపోయినాడు.

అవ్వ చూచినది. పొలమారినది అనుకొన్నది. మన ఇండ్లలో ఏమి చేస్తామో అదే చేసినది. నెత్తిమీద తట్టి, "ఎవరో తలుచుకుంటుండారురా అబ్బయ్యా" అన్నది. గ్లాసుతో నీళ్లు తెచ్చినది. వాడు తాగలేదు. దగ్గలేదు, ఏడవలేదు కూడా. పెదవులు నీలమైనవి. రెండవ ఆయా గాబరాపడి నోట్లో వేలు పెట్టి తీయబోయినది.

ఆ సమయానికి మనుమరాలిని తీసుకొనిపోవడానికి ఒక పెద్దాయన వచ్చి చెప్పులు విడుస్తున్నాడు. రిటైరైన బస్సు కండక్టరు. ఆయన వచ్చి బిడ్డను లాక్కొని, కూర్చొని, తన తొడమీద బోర్లా వేసుకొని, తల కిందికి వాలేటట్టు పట్టి, రెండు రెక్కల నడుమ అరచేతి మడమతో గట్టిగా చరచినాడు. నాలుగవ దెబ్బకు గింజ నేలమీద పడినది. పిల్లవాడు గుక్కపట్టి ఏడ్చినాడు. ఆ ఏడుపు వినగానే అవ్వ అక్కడనే కూలబడినదట. వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి చూపించినారు. గింజ వచ్చినదిగదా అని ఊరకుండరాదు, ముక్క లోపల మిగిలి ఉండవచ్చునని ఆ పెద్దాయనే పట్టుబట్టినాడు. పిల్లవాడు క్షేమం.

మేము సాయంత్రం ఆఫీసునుంచి నేరుగా అక్కడికి పోయినాము. ఇవన్నీ ఎక్కడ నేర్చినారని ఆ పెద్దాయనను అడిగితే, "లైసెన్సుకు అడిగినారు, నేర్చినాను. ముప్పై ఏండ్ల సర్వీసులో ఒక్కసారీ అక్కరకు రాలేదు" అన్నాడు. కండక్టరు లైసెన్సుకు ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు అడగడం మన దక్షిణాదిన పాత ఆచారమే. టిక్కెట్లు కొట్టేవానికి ఉండవలసిన చదువు, పసివాళ్లను తొమ్మిది గంటలు చేతిలో ఉంచుకొనేవారికి ఉండవలెనని మనకు తోచలేదు.

మనకు అని బహువచనం వాడి తప్పుకోవడం సులభం. మేము ఆ కమిటీలో తొమ్మిదేండ్లుగా ఉన్నాము. గోడలకు రంగు వేయించే బిల్లుమీద, ఉయ్యాల గొలుసు బిల్లుమీద, ఏనుగు బొమ్మ గీసిన చిత్రకారుని బిల్లుమీద సంతకం పెట్టినాము. ప్రథమ చికిత్స పెట్టె ఉన్నదా అని అడిగినాము, ఉన్నదన్నారు, గుర్తు పెట్టుకొన్నాము. ఆ సాయంత్రం ఆ పెట్టె తెరిపించి చూడగా అందులో ఎండిపోయిన అయోడిను సీసా, కొంచెం దూది, ఒక రబ్బరు బంతి ఉన్నవి. తాళంచెవి కొరకే పది నిమిషాలు వెదకవలసి వచ్చినది.

ఇంకొక సిగ్గు కూడా ఉన్నది. మా ఉద్యోగం ఒక కర్మాగారపు ఆఫీసులో. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షను ప్రకారం ప్రతి 150 మంది కార్మికులకు ఒక ప్రథమ చికిత్స పెట్టె ఉండవలెను. దానికి బాధ్యుడైన మనిషి రాష్ట్ర ప్రభుత్వం గుర్తించిన సర్టిఫికెట్టు కలవాడై ఉండవలెను. ఆ సర్టిఫికెట్ల గడువులు రిజిస్టరులో ఎక్కించడం ఇరవై ఏండ్లు మా పని. అదే చట్టంలో మూడు సెక్షన్ల తరువాత, 48లో, 30 మందికి మించి ఆడవారు పనిచేసేచోట ఆరేండ్ల లోపు పిల్లలకు గది ఉండవలెనని ఉన్నది. ఆ గదిని చూచుకొనేవారు పిల్లల పెంపకంలో శిక్షణ పొందిన స్త్రీలై ఉండవలెనని ఉన్నదేగాని, ప్రథమ చికిత్స అన్న మాట అక్కడ లేదు. యంత్రం దగ్గరి మనిషికి సర్టిఫికెట్టు గల తోడు, ఉయ్యాలలోని బిడ్డకు శిక్షణ అనే ఒక్క మాట. ఈ రెండు సెక్షన్లనూ ఎన్నోసార్లు టైపు చేసినాము, పక్కపక్కన పెట్టి చదవలేదు. ఆ చట్టం స్థానే 2020 నాటి కొత్త కోడు 2025 నవంబరు 21న అమలులోకి వచ్చినది. మేము చెప్పేది మేము దస్త్రాలు మోసిన పాత చట్టం సంగతి.

2017లో ప్రసూతి చట్టానికి సవరణ వచ్చి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులు ఉన్న ప్రతి సంస్థా శిశుగృహం ఏర్పాటు చేయవలెనన్నది, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూచుకోవచ్చునన్నది. ఎంతో మంచి సవరణ. మన ఆడపిల్లలు ఎందరో దానివలన ఉద్యోగాలు నిలుపుకొన్నారు. కాని ఆ సెక్షనులో కూడా, ఆ గదిలో కూర్చొనే మనిషికి ఏమి వచ్చి ఉండవలెనో లేదు. 1975 అక్టోబరు 2న మొదలైన అంగనవాడీలకు మందుల పెట్టె ఇచ్చే ఏర్పాటు ఉన్నది. పెట్టె వేరు, చేయి వేరు.

మన సభ్యులొకరి కోడలు ఇంగ్లండులో పసిపిల్లల నర్సరీలో పనిచేస్తున్నది. సెలవులకు వచ్చినప్పుడు అక్కడి పద్ధతి చెప్పినది. పిల్లలు ఉన్నంతసేపూ, వారిని బయట షికారుకు తీసుకొనిపోయినప్పుడూ, పసిపిల్లల ప్రథమ చికిత్సలో పూర్తి సర్టిఫికెట్టు ఉన్న మనిషి కనీసం ఒకరు తోడుండి తీరవలెనట. అది 12 గంటల చదువు, మూడేండ్లకొకసారి తిరిగి చేయవలెను. 2016 నుంచి, కొత్తగా పరీక్ష ప్యాసయి పనిలో చేరేవారిని లెక్కలోకి తీసుకోవలెనంటే ఆ సర్టిఫికెట్టు ఉండవలెనన్నారు. మాకు నచ్చిన మాట "పసిపిల్లల" అన్నది. పెద్దల సర్టిఫికెట్టు అక్కడ చెల్లదు. కారణం ఉన్నది. గొంతుకు అడ్డుపడితే పెద్దవానికి పొట్టమీద లోపలికీ పైకీ నొక్కుతారు, 1974లో హైంలిక్ అనే అమెరికా డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. ఏడాది లోపు బిడ్డకు అది చేయకూడదు, కాలేయం వంటి అవయవాలకు దెబ్బ. వీపుమీద ఐదు దెబ్బలు, రొమ్ముమీద ఐదు నొక్కులు, మరల వీపు. తెలియని చేయి మంచిమనసుతోనే చెరుపు చేస్తుంది.

కమిటీ కూర్చున్నది. ఒకరు, పిల్లవాని తండ్రి కాదు, వేరొకరు, సర్టిఫికెట్టు ఉన్నవారినే పెట్టుకొందాము, లేనివారిని మార్చుదాము అన్నారు. న్యాయంగానే వినిపించినది. తలుపు పక్కన నిలబడి అవ్వ విన్నది. "సామీ, నాకు అచ్చరం ముక్క రాదు. కాయితం లేకపోతే రేపటినుంచి రావద్దంటారా?" అన్నది. ఎవరూ తలెత్తలేదు. కోశాధికారిగారు మాత్రం, "అవ్వా, కాగితం సంపాదించవలసినది నీవు కాదు, మేము" అన్నారు. ఆయన సంగతి తెలిసినవారికి ఆశ్చర్యం కలుగుతుంది. కాఫీకి పంచదార లెక్కపెట్టే మనిషి.

మా అభిప్రాయమూ అదే. నియమం ఉండవలెను, కాని అది ఆయా మెడకు కాదు, నడిపేవారి మెడకు కట్టవలెను. రుసుము సంఘం కట్టవలెను, నేర్చుకొనే రోజు జీతం కోయకూడదు, ఆమెకు వచ్చిన భాషలో నేర్పవలెను. అవ్వకు వచ్చినవి తెలుగు, కన్నడం, ఈ రెండే. ఇంగ్లీషులో పాఠం చెప్పి సంతకం చేయించుకొంటే ఆ కాగితం గోడకు అలంకారం.

శిక్షణ ఇచ్చేవారు రెండు ఆదివారాలు వచ్చినారు. కన్నడంలో చెప్పినారు, మేము పక్కన కూర్చొని అక్కడక్కడ తెలుగు చేసినాము. తల్లులు పదిహేను మంది, తండ్రులు నలుగురు, అవ్వ, రెండవ ఆయా, ఆ కండక్టరుగారు. ఆయన ధైర్యంగా ముందు వరుసలో కూర్చొని, ఊపిరి ఆగిన పసిబిడ్డకు రొమ్ము నొక్కడం రెండు వేళ్లతో చేసి చూపించినాడు. నేర్పేవారు నవ్వి, 2025 అక్టోబరులో అమెరికా హృద్రోగ సంఘంవారు ఆ రెండు వేళ్ల పద్ధతి తీసివేసినారని చెప్పినారు. ఒక చేతి మడమతో గాని, రెండు చేతులతో బిడ్డను చుట్టి రెండు బొటనవేళ్లతో గాని నొక్కవలెను. లోతు 4 సెంటీమీటర్లు, నిమిషానికి 100 నుంచి 120, ముప్పై నొక్కులకు రెండు ఊపిరులు. పెద్దాయన కొంచెం చిన్నబోయినాడు. మూడేండ్లకొకసారి ఎందుకు తిరిగి నేర్వవలెనో అందరికీ అక్కడే తెలిసినది, ఎవరూ విడిగా చెప్పలేదు.

అవ్వ బొమ్మను నొక్కడానికి భయపడినది. "పసిగుడ్డు, ఎముకలు విరుగుతాయి" అన్నది. బొమ్మ అని తెలిసీ. మూడవ ప్రయత్నంలో లోపలి మర టిక్కుమన్నది, అదీ సరియైన లోతు. ఆ తరువాత ఆమె దానిని వదలలేదు, తక్కినవారు వరుసలో నిలబడి చూస్తున్నారు.

పొలమారడానికీ గొంతు మూసుకొనిపోవడానికీ భేదం ఆ రోజు మాకూ తెలిసినది. దగ్గుతూ, ఏడుస్తూ ఉన్నాడంటే గాలి ఆడుతున్నది, దగ్గనివ్వవలెను, తట్టకూడదు, నీళ్లు పోయకూడదు. చప్పుడు ఆగిపోతేనే ప్రమాదం. వస్తువు కంటికి కనబడకుండా వేలు పెట్టి వెదకరాదు, ఇంకా లోపలికి పోతుంది. బిడ్డ స్పృహ తప్పితే 108కి ఫోను చేయించి రొమ్ము నొక్కడం మొదలుపెట్టవలెను.

కాలిన చోట దోసెపిండి, ఇంకు, పళ్ల పేస్టు మన ఇండ్లలో రాయనివారు ఎవరు? అవేవీ వద్దు, ఐసు కూడా వద్దు, కుళాయి నీళ్లు ఇరవై నిమిషాలు. ఇరవై అంటే ఎంతసేపో గడియారం పెట్టి చూపించినారు. కూర్చున్నవారికి విసుగు వచ్చినది. జ్వరానికి ఫిట్సు వస్తే చేతిలో ఇనుప తాళంచెవులు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం మా అమ్మగారి కాలంనుంచీ చూచినదే. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూడవలెనట. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రి. ఫినాయిలు తాగిన బిడ్డకు ఉప్పునీళ్లు పోసి కక్కించకూడదన్నప్పుడు ఒక తల్లి లేచి బయటకు పోయినది. ఎందుకో మేము అడగలేదు.

ఇప్పుడు పెట్టెకు తాళం లేదు, పిల్లలకు అందని ఎత్తున మేకుకు వేలాడుతున్నది. నెలకొకసారి తెరచి చూచి సంతకం పెట్టే పని మాకే అప్పగించినారు. సర్టిఫికెట్ల గడువు రాసే రిజిస్టరు ఒకటి పెట్టినాము, ఆఫీసులోని దానివలెనే గళ్లు గీసి. ఇద్దరు ఆయాల పేర్లూ ఎక్కినవి. ఒకరు సెలవు పెట్టిన రోజున రెండవ చేయి ఉండవలెను గనుక మూడవ మనిషికి కూడా నేర్పవలెను. ఆ రుసుముకు ఒక సభ్యురాలు ముందుకు వచ్చినారు, పేరు వేయవద్దన్నారు. గుండ్రని శెనక్కాయ గింజలు, చింతపిక్కలు, సీతాఫలం గింజలు, బుగ్గలు, చిల్లర నాణేలు పిల్లల జేబుల్లో పంపవద్దని తలుపుమీద కన్నడంలోనూ తెలుగులోనూ రాయించినాము. గడియారాల, ఆటబొమ్మల గుండు బ్యాటరీలు కూడా చేర్చినాము. అది మింగితే నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవలెను.

మద్రాసు, బరంపురం, షోలాపురం, యానాం పాఠకులలో మీ సంఘాల ఆధ్వర్యాన బాలవిహారాలు నడుపుతున్నవారు ఉంటే, అక్కడ పిల్లలను చూచుకొనేవారికి ఎవరు నేర్పినారో, ఏ భాషలో నేర్పినారో మాకు ఒక ఉత్తరం ముక్క రాయండి, వచ్చే సంచికలో వేస్తాము. మరొక విన్నపం. నేర్పేవారు తమ బొమ్మను తీసుకొనిపోయినారు. అవ్వ వారానికొకసారి అభ్యాసం చేస్తానంటున్నది. ఇండ్లలో పసిబిడ్డ ఎత్తున గుడ్డబొమ్మ ఏదైనా ఉంటే, చేయి విరిగినదైనా పరవాలేదు, ఆదివారం పొద్దున పదింటిలోపల ఆఫీసు గదిలో ఇచ్చిపోగలరు.