రెండు ఓట్లు, ఒక రైల్వే కాలవ

ఇంగ్లండులోని డాన్‌కాస్టర్ నగరంలో 2025 మే 1న ఓట్లు పడ్డాయి. లెక్క తేలేసరికి నగర మండలిలోని 55 సీట్లలో 37 సీట్లను నైజెల్ ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే ఎగరేసుకుపోయింది. 2021లో 41 సీట్లతో దర్జాగా ఉన్న లేబర్ 12కు పడిపోయింది. మేయర్ కుర్చీ మాత్రం లేబర్‌దే. రోజ్ జోన్స్ 698 ఓట్ల తేడాతో గట్టెక్కారు. 2013 నుంచి ఇది ఆమెకు నాలుగో గెలుపు.

అక్కడ ఓటరు చేతిలో రెండు ఓట్లు. వార్డుకొకటి, మేయరుకొకటి. రెండూ ఒకే పార్టీకి వెయ్యాలని ఏం లేదు, వెయ్యలేదు కూడా. ఇక ఐదు వార్డులు చేతులు మారినా, ఇరవై మారినా ఆమెను దింపేవాడు లేడు. మేయర్ బడ్జెట్‌ను మార్చాలంటే మండలిలో మూడింట రెండు వంతుల మంది చెయ్యెత్తాలి. 37 మంది కచ్చితంగా హాజరైతే ఆ లెక్క బొటాబొటిగా సరిపోతుంది. అంటే వాళ్లు బడ్జెట్‌ను కదపగలరు, మనిషిని కదపలేరు.

అదే మూడింట రెండు వంతుల లెక్క విశాఖలో ఏం చేసిందో అదే ఏడాది ఏప్రిల్ 19న చూశాం. మహా విశాఖ నగరపాలక సంస్థలో కార్పొరేటర్లూ ఎక్స్ అఫీషియో సభ్యులూ కలిపి 111 మంది. అవిశ్వాసం నెగ్గాలంటే 74 కావాలి. సరిగ్గా 74 పడ్డాయి, ఒకటి ఎక్కువా లేదు, తక్కువా లేదు. 2021లో 98 వార్డులకు 58 గెలిచిన వైసీపీ తరఫున మేయర్ అయిన గొలగాని హరి వెంకట కుమారి దిగిపోయారు. ఏప్రిల్ 28న తెలుగుదేశం వారి పీలా శ్రీనివాసరావు ఆ కుర్చీలో కూర్చున్నారు. ఈలోగా నగరంలో ఒక్క ఓటరైనా పోలింగ్ బూత్ గడప తొక్కలేదు. కార్పొరేటర్లు మాత్రం క్యాంపుల పేరుతో మలేసియా దాకా, బెంగళూరు దాకా తిరిగొచ్చారు. నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదని చట్టంలో ఉంది. నిండగానే పెట్టారు. చట్టానికి లోటేమీ లేదు, లోటంతా ఓటరుకే.

మేయర్‌ను జనమే నేరుగా ఎన్నుకోవాలన్నది ఈ శీర్షిక పాత పాటే. విసుగు పుట్టేదాకా పాడినా పాడవలసిందే. హైదరాబాద్‌కు చివరిసారి ప్రజలు నేరుగా ఎన్నుకున్న మేయర్ 2002లో గెలిచిన తీగల కృష్ణారెడ్డి. ఆ తర్వాత చట్టం మారింది. మారిన చట్టాన్ని మార్చాలని ఏ ప్రభుత్వానికీ బుద్ధి పుట్టలేదు. 2020 డిసెంబరులో హైదరాబాద్‌లో 150 డివిజన్లకు పోలింగ్ జరిగితే ఓటు వేసినవాళ్లు సగం కూడా లేరు. మేయర్ ఎవరో తన ఓటు తేల్చదని తెలిసినవాడు ఎండలో ఎందుకు నిలబడతాడు?

ఛత్తీస్‌గఢ్ సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. రాష్ట్రంలో రమణ్ సింగ్ నాయకత్వాన బీజేపీ ఏలుతున్న రోజుల్లోనే రాయ్‌పూర్ ఓటర్లు 2009లో కిరణ్మయి నాయక్‌ను, 2014లో ప్రమోద్ దూబేను నేరుగా మేయర్లను చేశారు. ఇద్దరూ కాంగ్రెస్ వాళ్లే. ప్రత్యక్ష ఎన్నికతో ఇంత లాభపడ్డ కాంగ్రెస్, రాష్ట్రంలో అధికారం చేతికొచ్చాక 2019లో చేసిన పని ఏమిటి? ఆ ప్రత్యక్ష ఎన్నికనే తీసిపారేసింది. ఆ ఏడాది రాయ్‌పూర్‌లోని 70 వార్డుల్లో కాంగ్రెస్‌కు 34, బీజేపీకి 29, ఇండిపెండెంట్లకు 7 వచ్చాయి. ఏజాజ్ ఢేబర్‌కు మేయర్ ఎన్నికలో పడినవి 41. ముప్పై నాలుగుకు ఏడు కలిపితే ఎంతో ఒకటో తరగతి పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు.

బీజేపీ మళ్లీ వచ్చి మళ్లీ ప్రత్యక్ష ఎన్నిక పెట్టింది. 2025 ఫిబ్రవరి 11న ఓట్లు, 15న ఫలితాలు. మీనల్ చౌబేకు 3,15,835. కాంగ్రెస్ తరఫున నిలబడ్డ ప్రమోద్ దూబే భార్య దీప్తి దూబేకు 1,62,545. తేడా 1,53,290. మాజీ మేయర్ ఢేబర్ వార్డులోనే ఓడారు. రాష్ట్రంలోని పది నగర నిగమ్‌లూ, అంటే నగరపాలక సంస్థలూ, బీజేపీకే దక్కాయి. రాయ్‌గఢ్‌లో టీ కొట్టు నడిపే జీవర్ధన్ చౌహాన్ మేయర్ అయ్యారు. కార్పొరేటర్లే ఎన్నుకునే పద్ధతిలో ఆయన పేరు తలచుకునేవాడే ఉండేవాడు కాదు.

అయితే రాయ్‌పూర్ వార్డుల లెక్క దగ్గర కొంచెం ఆగాలి. బీజేపీ 60, కాంగ్రెస్ 7, ఇతరులు 3. మేయర్ పోటీలో గెలిచినామెకు పడ్డవాటిలో సగానికి పైగా ఓట్లు కాంగ్రెస్ అభ్యర్థికీ పడ్డాయి. సభలోకి వచ్చేసరికి ఆ పార్టీది పదో వంతు. ప్రత్యక్ష ఎన్నిక దీన్ని బాగుచెయ్యదు. డాన్‌కాస్టర్‌లోనూ చెయ్యలేదు. ఈ పాట పాడేవాళ్లు ఈ చరణం దగ్గర గొంతు తగ్గిస్తారు.

ఇంతకీ డాన్‌కాస్టర్ రైల్వే ఊరు. 1853లో మొదలైన అక్కడి వర్క్‌షాపులోనే మల్లార్డ్ ఇంజిన్ తయారైంది. 1938లో గంటకు 126 మైళ్లు పరుగెత్తి ఆవిరి ఇంజిన్ల రికార్డు కొట్టింది అదే. రాయ్‌పూర్‌లోనూ అలాంటి రైల్వే పేట ఒకటుంది, డబ్ల్యూఆర్ఎస్ కాలనీ. అక్కడ ఇంజిన్లు కట్టరు, వ్యాగన్లు బాగుచేస్తారు. పేరులోనే ఉంది కదా, వ్యాగన్ రిపేర్ షాప్. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి బండెక్కి వచ్చి, రాయగడ లైను మీద సంక్రాంతికి ఊరెళ్లొచ్చే తెలుగు కుటుంబాలు ఇక్కడ పాతవే. ఆ ఫిబ్రవరిలో వీళ్లకీ రెండు ఓట్లు వచ్చాయి.

రెండు ఓట్లున్నా రైల్వే కాలనీలో కాలవ నిండితే ఎవరిని అడగాలి? పార్షద్ (కార్పొరేటర్) ఇంటికెళితే "అది రైల్వే జాగా భాయ్" అంటాడు. రైల్వే పనుల ఇన్‌స్పెక్టర్ (ఐఓడబ్ల్యూ) ఆఫీసుకెళితే రిజిస్టర్లో రాసుకుంటారు. కాలనీ గోడ ఇవతల క్వార్టర్ల కాలవ రైల్వేది, గోడ దాటాక అదే నీరు నిగమ్‌ది. మధ్యలో పూడిక ఎవరిదో ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

దీని వెనక డబ్బు తగాదా ఉంది. రాజ్యాంగం 285వ అధికరణం ప్రకారం కేంద్రం ఆస్తుల మీద నగర నిగమ్ పన్ను వెయ్యకూడదు. పన్ను కట్టనివాడి వాకిలి ఎవరు ఊడుస్తారు? రాజ్‌కోట్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2009లో దారి చూపింది. పన్ను వద్దు, సేవా రుసుం కట్టాలంది. నిగమ్ సౌకర్యాలన్నీ వాడుకుంటే ఆస్తి పన్నులో 75 శాతం, కొన్నే వాడుకుంటే 50, ఏమీ వాడుకోకపోయినా 33⅓. రాయ్‌పూర్ రైల్వే భూములకు ఎంత బిల్లు వేశారు, ఎంత వసూలైందన్నది వార్డు సభల్లో గట్టిగా అడగాల్సిన ప్రశ్న. ఎన్నికల సభల్లో మైకులు మోగేది వేరే విషయాల మీద. దసరాకు డబ్ల్యూఆర్ఎస్ మైదానంలో వంద అడుగుల రావణుణ్ణి తగలబెట్టేటప్పుడు పెద్దవాళ్లంతా వస్తారు, జనం పోటెత్తుతారు. ఆ వేదిక మీద కాలవ ఊసెత్తే ధైర్యం ఎవరికుంటుంది?

కాలనీలో అసలైన ఓటు హుషారు 2024 డిసెంబరు 4, 5, 6 తేదీల్లో కనిపించింది. అవి రైల్వే యూనియన్ల గుర్తింపు ఎన్నికలు. 2013 తర్వాత ఇన్నాళ్లకు వచ్చాయి. క్వార్టర్ రిపేరు, నీళ్ల టైము, ఆసుపత్రి మందులు, అన్నీ అక్కడే బేరానికొస్తాయి. కానీ రిటైరై కాలనీ పక్క బస్తీలో ఇల్లు కట్టుకున్న ఫిట్టరుకు ఆ ఓటు లేదు. ఉన్నవి నిగమ్ ఇచ్చిన రెండు ఓట్లే. కాలనీ నుంచి పారే నీరు మాత్రం ఆయన గుమ్మం ముందు నుంచే పోతుంది.