జెండా దగ్గర కూలిన ప్రభుత్వం

1926 మే నెలలో జర్మనీ చాన్సలర్ హాన్స్ లూథర్ పదవి ఊడింది. కారణం బడ్జెట్ కాదు, కుంభకోణం కాదు. విదేశాల్లోని రాయబార కార్యాలయాల మీద ఏ జెండా ఎగరాలన్న ఒక్క ఉత్తర్వు.

దాని బీజం 1919 నాటి వైమార్ రాజ్యాంగం మూడో అధికరణంలోనే పడింది. నలుపు, ఎరుపు, బంగారు రంగులు 1848 విప్లవంలో ప్రజాస్వామ్యవాదులు ఎత్తినవి. రిపబ్లిక్ వాటినే జాతీయ రంగులు చేసుకుంది. కైజర్ల (జర్మన్ చక్రవర్తుల) కాలపు నలుపు, తెలుపు, ఎరుపు జెండాను వదులుకోవడానికి మితవాదులు ససేమిరా అన్నారు. బంగారు రంగును ఆవపిండి రంగని వెక్కిరించారు. కొత్త రంగులు సముద్రం మీద దూరానికి ఆనవని ఓడల వర్గాలు వాదించాయి. అది సాకేనని నా అనుమానం. చివరికి వర్తక నౌకలకు పాత జెండానే ఉంచి, కర్ర వైపు పై మూలన కొత్త మూడు రంగులను చిన్నగా ఇరికించారు. యుద్ధనౌకలదీ అదే తంతు.

నేల మీద ఒక జెండా, నీటి మీద మరొకటి. రిపబ్లిక్‌ను మనసారా ఒప్పుకోని వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి? ఐరోపా వెలుపలి రాయబార కార్యాలయాలు, ఐరోపాలో రేవు పట్టణాల్లోని కార్యాలయాలు జాతీయ పతాకం పక్కన వర్తక పతాకాన్నీ ఎగరేయాలన్నది లూథర్ ఉత్తర్వు. అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ మే 5న సంతకం పెట్టాడు. సరిగ్గా వారానికి పార్లమెంటు రైష్‌స్టాగ్ లూథర్‌ను అభిశంసించింది. చాన్సలర్ పోయాడు, ఉత్తర్వు మాత్రం నిలిచింది!

హిట్లర్ గద్దెనెక్కాక, 1933 మార్చిలో ఆ హిండెన్‌బర్గే పాత జెండాను స్వస్తిక జెండాతో జతచేసి ఎగరేయించాడు. 1935 జూలైలో న్యూయార్క్ రేవులో నిరసనకారులు జర్మన్ ఓడ 'బ్రెమెన్' ఎక్కి స్వస్తిక జెండాను పీకి నదిలో పారేశారు. సెప్టెంబరులో న్యూరెంబర్గ్‌లో చేసిన చట్టం దాన్నే జాతీయ పతాకం, వర్తక పతాకం కూడా చేసింది.

యుద్ధంలో ఓడాక కొన్నేళ్లు జర్మన్ ఓడలకు సొంత జెండాయే లేదు. 'సి' అక్షరాన్ని సూచించే సంకేత జెండాను కొసన చీల్చి కట్టుకుని తిరిగాయి.

పశ్చిమ జర్మనీ 1949 రాజ్యాంగం పాత తప్పు మళ్లీ చేయలేదు. 22వ అధికరణంలో ఒకే జెండా ఉంది, మూలన ఇరికించిన రాజీ లేదు. 1951 చట్టంతో వర్తక నౌకలూ దాన్నే ఎగరేస్తున్నాయి. నౌకాదళానికి, ప్రభుత్వ కార్యాలయాలకు గద్ద చిహ్నమున్న జెండాలు వేరే ఉన్నా, వాటి రంగులూ ఆ మూడే. గద్ద ఉన్న ప్రభుత్వ జెండాను ప్రైవేటు వ్యక్తులు వాడితే మాత్రం జరిమానా పడవచ్చు.