తరుగు పోను మిగిలిన ఏడాది

భార్య పుట్టినరోజు అనగానే మన తరం మొగుళ్లకు ఒక ఫార్ములా ఉంది. రాత్రి పన్నెండుకు కేక్, గ్యాలరీలోంచి ఏరిన పది ఫొటోలు, వెనకాల ఓ సినిమా పాట, ముప్పై సెకన్ల స్టేటస్. తెల్లారేసరికి చుట్టాల లవ్ సింబల్స్. నేనూ చేస్తా. అందులో తప్పేం లేదు. కాకపోతే గ్యాలరీకి ఒక గుణం ఉంది. అది నవ్విన రోజుల్నే దాస్తుంది. ఏడ్చిన రోజు ఎవరూ సెల్ఫీ తీసుకోరు కదా!

ఏడాది మొత్తాన్ని దాచేది ఇంకొకటి ఉంది. యూపీఐ స్టేట్‌మెంట్. దానికి మొహమాటం లేదు, ఫిల్టర్లు లేవు. ఎంత, ఎప్పుడు, ఎవరికి. అంతే.

ఈ నవంబర్‌లో మా ఆవిడకు ఇరవై ఏడు నిండాయి. తను నిజామాబాద్ గంజ్‌లో ఓ పసుపు అడ్తి దుకాణంలో లెక్కలు రాస్తుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. వారంలో మూడు రోజులు అక్కడ ఆఫీసు, మిగతా రోజులు నిజామాబాద్‌లో ఇంటి నుంచి పని. పుట్టినరోజుకు వారం ముందు, ‘నీ ఏడాది స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి ఇయ్యవా’ అని అడిగా. ‘ఏంది, నా మీద ఆడిట్ పెడుతున్నవా’ అంది. కారణం చెప్పాక నవ్వి, పీడీఎఫ్ పంపింది. ఇక్కడ రాసేవన్నీ తను చదివి, సరే అన్నవే.

ఫిబ్రవరి దాకా మామూలే. పాలు, కూరగాయలు, రీఛార్జ్, సంక్రాంతికి చీర. ఆ సంక్రాంతి రోజే, జనవరి 14న, నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. గంజ్‌లో ఎక్కడ చూసినా అదే ముచ్చట. ఆ తర్వాత పసుపు సీజన్. ఆర్మూర్, బాల్కొండ వైపు నుంచి బస్తాలు దిగుతుంటే తనకు ఊపిరి సలపదు. కొమ్ము వేరు, మండ వేరు, తూకం, హమాలీ, తక్‌పట్టీ... రాత్రి ఇంటికొచ్చాక కూడా వేళ్ల సందుల్లో పసుపే.

మార్చి మొదటి వారంలో ఒక స్కానింగ్ సెంటర్‌కు 1,500. అదే రోజు మందుల షాపుకు 860. మర్నాడు మళ్లీ మందులకు 2,310. ఆ తర్వాత పదకొండు రోజులు ఒక్క ఎంట్రీ కూడా లేదు. పాల ప్యాకెట్ కూడా లేదు.

మూడో నెల. అప్పటికి ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. కాబట్టి పోయిన సంగతి కూడా ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. అదొక విచిత్రమైన దుఃఖం. పరామర్శకు ఎవరూ రారు. పేరు లేదు, ఫొటో లేదు, తేదీ కూడా సరిగ్గా లేదు. డాక్టరమ్మ మాత్రం ఒక మాట చెప్పింది: ఇలాంటివి మొదటి మూడు నెలల్లో చాలామందికి అవుతాయి, ఎక్కువ సార్లు పిండంలోనే లోపం ఉంటుంది, నువ్వు బరువెత్తడం వల్లో, బస్సెక్కడం వల్లో కాదు. తను ఆ మాటను రెండుసార్లు చెప్పించుకుంది. ఇది చదివే వాళ్లలో ఎవరికైనా ఈ మాట అవసరం కావచ్చని ఇక్కడ రాయమన్నది కూడా తనే.

పన్నెండో రోజు స్టేట్‌మెంట్‌లో మళ్లీ ఒక ఎంట్రీ. సాయంత్రం 6:40. మిర్చి బండి, 30 రూపాయలు.

ఆ ముప్పై రూపాయల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయా. ఆ రోజు తను మళ్లీ గంజ్‌కు పోయింది. వచ్చేటప్పుడు మిర్చి బజ్జీలు తిని, రెండు పొట్లం కట్టించి తెచ్చింది. ‘ఉప్పు తక్కువైంది’ అంది. రుచి మళ్లీ తెలుస్తోందన్నమాట.

మే నెలలో ఒక పెద్ద మొత్తం. సీఎంఏ ఇంటర్ రిజిస్ట్రేషన్ ఫీజు. దాని వెనక పదేళ్ల కథ ఉంది.

తనది బోధన్, శక్కర్‌నగర్. మా మామ నిజాం షుగర్స్‌లో పనిచేశాడు. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్లతో చెరుకు పెరిగింది, ఆ చెరుకు కోసం 1937లో ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఒకప్పుడు గర్వంగా చెప్పుకునేవాళ్లు. మా ఆవిడ పుట్టినరోజు సరిగ్గా క్రషింగ్ మొదలయ్యే రోజుల్లో వస్తుంది. చిన్నప్పుడు తనకు పుట్టినరోజంటే కేక్ గుర్తు రాదట. సైరన్, చెరుకు బండ్ల వరస, ఊరంతా కమ్ముకునే బెల్లం పాకం లాంటి వాసన. ‘నా బర్త్ డే కోసమే ఫ్యాక్టరీ స్టార్ట్ చేస్తరనుకునేదాన్ని’ అంటుంది.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్ 23న లే ఆఫ్ ప్రకటించారు. అప్పుడు తను ఇంటర్ సెకండియర్. పదిహేడు నిండి నెలన్నర కూడా కాలేదు. సీఏ చదవాలని కోరిక. ఇంట్లో జీతం ఆగాక ఆ మాట తనే ఎత్తలేదు. బోధన్‌లో డిగ్రీ చదివి, చదువు అయ్యీ కాకముందే లెక్కలు రాసే పనిలో చేరింది. ఫ్యాక్టరీని మళ్లీ తెరిచే దారి చూడమని 2024 జనవరిలో ప్రభుత్వం కమిటీ వేసింది. మామ ఇప్పటికీ పేపర్లో ఆ వార్తే ముందు వెతుకుతాడు. తను మాత్రం ఎదురుచూడ్డం మానేసి, మేలో సొంత జీతంతో ఫీజు కట్టింది. పరీక్షలు వచ్చే నెలే.

ఇక ఆగస్టు 27, వినాయక చవితి. పొద్దున 8:10కి మట్టి వినాయకుడు, 80 రూపాయలు. 8:25కి పత్రి, పూలు, 60. మధ్యాహ్నం 3:05కి ఆటో, 300. ఆ తర్వాత ఆస్పత్రి. రాత్రి 11:52కి మందుల షాపు, 1,240. తెల్లవారుజామున 4:15కి టీ, 20.

ఆ రోజు కామారెడ్డి మీద కురిసిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. 44వ నంబర్ హైవే మీద కూడా దారి లేదు. పండుగకు ఇంటికి బయల్దేరిన నేను హైదరాబాద్‌లోనే చిక్కుకుపోయా. ఇక్కడ మా అమ్మకు ఉన్నట్టుండి ఆయాసం. ఇంట్లో ఉన్నది అత్తాకోడళ్లిద్దరే. ఫోన్ చేస్తే తను చెప్పిన మాట ఒక్కటే: ‘అత్తమ్మ దగ్గర నేనున్న. నువ్వు పరేషాన్ గాకు. నీళ్లల్ల మాత్రం బయల్దేరకు.’ నేను కరీంనగర్, జగిత్యాల మీదుగా చుట్టు తిరిగి మూడో రోజు ఇంటికి చేరేసరికి అమ్మ మంచం మీద కూర్చుని జావ తాగుతోంది. కోడలు పక్కన నేల మీదే పడి నిద్రపోతోంది.

స్టేట్‌మెంట్‌కు అందనిది కూడా ఒకటుంది. ప్రతి ఆదివారం తను బోధన్ పోయి మామను చూసి వస్తుంది. ఆర్టీసీలో ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి రూపాయి ఖర్చు కనబడదు. కానీ తన హ్యాండ్‌బ్యాగ్ అడుగున ఆ టికెట్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. లెక్కలు రాసేవాళ్ల అలవాటు, సున్నా రూపాయల కాగితమైనా పారెయ్యరు.

పుట్టినరోజు నాడు ఇవన్నీ ఒక పేజీలో తేదీల ప్రకారం రాసి ఇచ్చా. కింద ఒక ఖాళీ గీత పెట్టా: ‘ఈ ఏడాది పేరు’. మా అమ్మకు ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1. అసలు తేదీ తనకే తెలీదు. ‘చెరుకు నరికే కాలంల పుట్టిన’ అంటుంది. ఆ తరానికి ఏళ్లు అంకెలు కాదు, కరువొచ్చిన ఏడు, చెరువు నిండిన ఏడు. పంచాంగంలోనూ ప్రతి సంవత్సరానికీ పేరుంది. అప్పుడు నడుస్తున్నది విశ్వావసు. అది అందరిదీ. మరి నీ ఒక్కదాని ఏడాదికి నువ్వే పేరు పెట్టుకోవాలి కదా అన్నా.

తను ఆ పేజీ రెండుసార్లు చదివింది. మార్చి దగ్గర వేలు పెట్టి కాసేపు ఉంది. తర్వాత పెన్ను తీసుకుని ‘తరుగు పోను’ అని రాసింది.

గంజ్ తెలియనివాళ్ల కోసం చెప్తా. బస్తా తూచాక సంచి బరువు, తేమ, చెత్త కింద కొంత తీసేస్తారు. అదే తరుగు. రైతుకు డబ్బులొచ్చేది తరుగు పోను మిగిలినదానికే. ‘రోజూ ఎన్నో తక్‌పట్టీలు రాస్త. తరుగు లేని బస్తా ఒక్కటి గూడ చూడలే. తరుగెంతో రాయకుంటే మిగిలిందెంతో ఎట్ల తెలుస్తది?’ అంది.

మీరూ చేసి చూడండి. స్టేటస్ పెట్టండి, కేక్ కోయండి. దాంతోపాటు ఆమె ఏడాదిని, లేదా అతని ఏడాదిని, ఒక పేజీలో రాసి ఇవ్వండి. వాళ్లను అడిగి, వాళ్లు ఒప్పుకున్నవే రాయండి. పోయినవి దాచకండి, పక్కనే మిగిలినవి కూడా రాయండి. పేరు మాత్రం వాళ్లనే పెట్టనివ్వండి.

ఆ ఆదివారం ముగ్గురం కలిసి బోధన్ పోయాం. మామ శక్కర్‌నగర్ బేకరీలో చిన్న కేక్ తెచ్చి పెట్టాడు. తను కోసింది. అమ్మ ముందు అత్తారింటి వాళ్లకు పెట్టమంటే, మొదటి ముక్క వాళ్ల నాన్నకే పెట్టింది. తర్వాత పుస్తకాలు తీసి కూర్చుంది. పరీక్షకు ఇంకా నెల కూడా లేదు.