ముక్కు మీద బరువు

కొత్త పికప్ కొన్నవాళ్లు మొదట చేసే పని గుడి ముందు నిమ్మకాయలు తొక్కించడం. రెండో పని వెల్డింగ్ షాపులో ముందు ఇనుప గార్డు కట్టించడం. మూడో పని... నాలుగు నెలలు తిరక్కుండా మెకానిక్ దగ్గరికి పరుగెత్తడం!

మెదక్ జిల్లా నిజాంపేటలో కూరగాయల పికప్ నడిపే ఓ తమ్ముడు ఆ మూడో పని మీదే ఉన్నాడు. 'అన్నా, బండి ముక్కు కిందికి కూసున్నది. బ్రేక్ కొడితే ఇంకింత వంగుతున్నది. కమాన్‌లో ఒక పట్టీ ఎక్కియ్యాల్నా, షాకప్‌లు మార్చాల్నా?' అని అడిగాడు. ఇంతకీ గార్డు ఎందుకు కట్టించావంటే, 'రాత్రిపూట పందులు అడ్డం వస్తయన్నా' అన్నాడు. తెల్లారకముందే పొలాల మధ్య నుంచి రామాయంపేటకో సిద్దిపేటకో బయల్దేరేవాడి భయం అది. కొట్టిపారేయలేం.

కానీ అతని ప్రశ్నకు జవాబు కమాన్ దగ్గర లేదు. కాంటా దగ్గర ఉంది.

ఎడ్లబండి తోలినవాళ్లకి ఈ లెక్క చెప్పక్కర్లేదు. గడ్డి ముందుకు ఎక్కువ పేరిస్తే కాడి ఎడ్ల మెడల మీద పడుతుంది. వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేస్తుంది. పికప్‌దీ అదే తీరు. గార్డు ముందు చక్రాల మీద కూర్చోదు, వాటికంటే ముందుకు వేలాడుతుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3 మీటర్లు, గార్డు బరువు 60 కిలోలు, అది ముందు ఇరుసుకు 90 సెంటీమీటర్ల ముందున్నదనుకోండి. ముందు ఇరుసు మీద పడేది 60 కాదు, 78 కిలోలు! ఆ పైన పడ్డ 18 కిలోలు వెనక ఇరుసు మీద తగ్గినవే. ఖాళీ బండికి వెనక అసలే తేలిక. వానకు తడిసిన రోడ్డు మీద బ్రేక్ వేస్తే వెనక చక్రాలు జారడానికి ఇదీ ఒక కారణం.

అందుకే పైసా ఖర్చు పెట్టకముందు రెండు కొలతలు తీసుకోండి. గార్డు విప్పి వడ్లు తూచే కాంటా మీద పెట్టండి. ధర్మకాంట కంటే ఇక్కడే లెక్క ఖచ్చితంగా తేలుతుంది. తర్వాత చదునైన చోట ఖాళీ బండి నిలిపి, ముందు చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలవండి. గార్డు ఉన్నప్పుడొకసారి, లేనప్పుడొకసారి. రెండు వైపులా చూడాలి. గార్డు తీసినా ముక్కు లేవలేదంటే కమాన్ అలసిపోయినట్టే. జతగా మార్చాల్సిందే.

ఇక ఏది దేనికి? షాక్ అబ్జార్బర్ బరువు మోయదు. బరువు మోసేది స్ప్రింగు. స్ప్రింగు ఊగుతూ పోకుండా ఆపేదే షాక్ అబ్జార్బర్. కాబట్టి ముక్కు వంగిందని షాకప్‌లు ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. గట్టి స్ప్రింగు వేసి పాత షాకప్‌లు ఉంచినా తప్పే. గుంతలో దిగిన బండి పైకి ఎగిరి తన్నుతుంది. స్ప్రింగు పైన దిమ్మె పెట్టి ఎత్తు పెంచడం మరో చిట్కా. ఎత్తు పెరుగుతుందే కానీ మోసే బలం పెరగదు. వెనక కమాన్‌కు అదనపు పట్టీ వేస్తే తోక లేచి ముక్కు ఇంకా వంగుతుంది!

పికప్‌లన్నిటికీ ముందు భాగం ఒకేలా ఉండదు. కొన్నిటికి ముందు కూడా కమాన్ పట్టీలే. 2016 నుంచి శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు డి-మ్యాక్స్ లాంటివాటికి ముందు చుట్ట స్ప్రింగులు, వెనక పట్టీలు. కమాన్ ఉన్నచోట పట్టీ కలిపితే రెండు వైపులా ఒకే మందం, ఒకే వంపు ఉండాలి. విరిగిన పట్టీకి వెల్డింగ్ మాత్రం పెట్టించొద్దు. ఆ వేడికి ఉక్కుకున్న పదును పోతుంది. చుట్ట స్ప్రింగైతే కాంటా చెప్పిన బరువుకు తగ్గదే ఎంచుకోవాలి. గార్డు బరువు ఇరవైనాలుగు గంటలూ ఉండేది, సరుకు బరువు వచ్చిపోయేది. ముందు స్ప్రింగు ఎంచేటప్పుడు లెక్కలోకి రావాల్సింది ఆ ఉండే బరువే. 'ఉన్నదాంట్లో గట్టిది వెయ్యి' అంటే ఖాళీ బండి గుంతల్లో కుందేలులా గెంతుతుంది. పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు రెండూ సరిచేయించాలి.

ఇన్ని చేసినా స్ప్రింగు తీర్చలేనివి కొన్ని ఉన్నాయి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. 60 కిలోల గార్డంటే ఒకటిన్నర బస్తా వడ్లు. ప్రతి ట్రిప్పులో కిరాయి లేకుండా మోస్తున్నట్టే. గుద్దుకున్నప్పుడు నలిగి దెబ్బను మింగాల్సిన బంపర్ స్థానంలో నలగని ఇనుము ఉంటే, ఆ దెబ్బ ఛాసిస్‌కూ, లోపలున్న మనిషికీ చేరుతుంది. ఎయిర్‌బ్యాగులున్న బండికైతే అవి విచ్చుకునే వేళ కూడా తప్పొచ్చు. ఊరి మలుపులో రోడ్డు దాటే పిల్లాడికి ఆ ఇనుప గొట్టం సరిగ్గా తల ఎత్తులో ఉంటుంది. పందికని కట్టింది పసివాడికి తగిలితే? ఇలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమనీ, చర్య తీసుకోవాలనీ కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది.

తమ్ముడు రెండు రోజులు ఆలోచించాడు. గార్డు విప్పించాడు, అరిగిన బుష్‌లు మార్పించాడు, లైట్లు సరిచేయించాడు. చీకట్లో వేగం తగ్గించాడు. పందుల సంగతి దానికే వదిలేశాడు. ముక్కు లేచింది. పట్టీ ఖర్చు మిగిలింది.

మరి గార్డు? వాళ్ల మేకల దొడ్డికి తలుపైంది. పందుల్ని ఆపాలంటే దాని సరైన చోటు అదే కదా!